రేడియేటర్‌లో పోసే నీళ్లు ఇంజన్‌ను ఏం చేస్తాయి?

క్లుప్తంగా: ఏప్రిల్, మే నెలల్లో కార్ల ఇంజన్లు వేడెక్కి రోడ్డు పక్కన ఆగిపోవడానికి ఎండే కారణమని ఎక్కువ మంది భావిస్తారు. నిజానికి చాలా కార్లలో ఈ నష్టం ఏడాదో రెండేళ్లో ముందే, ఇంజన్‌ను చల్లబరిచే ద్రవమైన కూలెంట్ తగ్గినప్పుడల్లా కుళాయి నీళ్లో బోరు నీళ్లో పోయడంతోనే మొదలై ఉంటుంది. లోపల సున్నపు పొర పేరుకుని, లోహం తుప్పు పట్టి, రేడియేటర్ మూతలోని రబ్బరు గట్టిపడి శీతలీకరణ వ్యవస్థ బలహీనపడ్డాక ఎండ ఆ బలహీనతను బయటపెడుతుంది. అందువల్ల మరమ్మతు ఆవిరి కనిపించిన చోట కాక, ఆ గొలుసులో మొదట తెగిన లంకె దగ్గర మొదలుకావాలి.

వేడి ఎలా పుడుతుంది, ఎలా బయటికి పోతుంది

పెట్రోలు మండినప్పుడు వెలువడే శక్తిలో చక్రాలను తిప్పడానికి ఉపయోగపడేది సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు మాత్రమే. మరో మూడో వంతు వరకు పొగగొట్టం ద్వారా పోతుంది. మిగిలిన దానిలో ఎక్కువ భాగం పెట్రోలు మండే సిలిండర్ల గోడల్లోకి, వాటిని పైనుంచి మూసే హెడ్‌లోకి దిగుతుంది. సిలిండర్‌లో మంట రగిలే క్షణంలో వాయువుల ఉష్ణోగ్రత 2000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. హెడ్ తయారయ్యేది అల్యూమినియం మిశ్రమలోహంతో. అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల దగ్గర. ఈ రెండు అంకెల మధ్య ఇంజన్ బతికి బట్టకట్టడానికి కారణం, గోడల వెనుక సన్నని దారుల్లో ఎడతెగకుండా పారే నాలుగైదు లీటర్ల ద్రవం.

ఆ ద్రవాన్ని వాటర్ పంప్ తోస్తుంది. అది హెడ్ చుట్టూ తిరిగి, వేడిని పట్టుకుని, పై హోస్ పైపు ద్వారా రేడియేటర్‌లోకి వస్తుంది. అక్కడి సన్నని గొట్టాల్లో దిగుతూ రేకుల మీదుగా వీచే గాలికి వేడిని అప్పగించి, కింది పైపు ద్వారా తిరిగి ఇంజన్‌లోకి చేరుతుంది. కారు పరుగెత్తుతున్నప్పుడు గాలి దానంతటదే వస్తుంది. ఆగినప్పుడో నెమ్మదిగా కదిలినప్పుడో విద్యుత్ ఫ్యాన్ గాలిని లాగుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు థర్మోస్టాట్ అనే చిన్న కవాటం రేడియేటర్ దారిని మూసి ఉంచుతుంది. దానిలోని మైనం ఎక్కువ కార్లలో 80 నుంచి 90 డిగ్రీల మధ్య కరిగి వ్యాకోచించి కవాటాన్ని తెరుస్తుంది. ఈ వ్యవస్థ ఇంజన్‌ను వీలైనంత చల్లగా ఉంచడానికి ఏర్పడిందన్న అభిప్రాయం సరికాదు. ఇంజన్‌కు ఒక నిర్దిష్టమైన వేడి అవసరం. ఆ వేడి దగ్గర దాన్ని నిలిపి ఉంచడమే ఈ ఏర్పాటు పని.

ఎండ వాటా ఎంత?

రేడియేటర్ ఎంత వేడిని వదిలించగలదనేది లోపలి ద్రవానికీ బయటి గాలికీ ఉన్న ఉష్ణోగ్రత తేడా మీద ఆధారపడుతుంది. లోపలి ద్రవం 95 డిగ్రీల దగ్గర, బయటి గాలి 30 డిగ్రీల దగ్గర ఉంటే తేడా 65. అదే రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు ఉంటే తేడా 50కి పడిపోతుంది. అంటే మిగతావన్నీ ఒకేలా ఉన్నా, రేడియేటర్ సామర్థ్యంలో దాదాపు నాలుగో వంతును ఎండ ఒక్కటే తీసేసుకుంటుంది. వాతావరణ శాఖ చెప్పే ఉష్ణోగ్రత నీడలో కొలిచింది. తారు రోడ్డుకు అడుగు ఎత్తున కారు పీల్చుకునే గాలి అంతకంటే వేడిగా ఉంటుంది. ఏసీ వేస్తే రేడియేటర్ ముందున్న కండెన్సర్, అంటే ఏసీ వేడిని బయటికి వదిలే భాగం, ఆ గాలిని ఇంకొంత వేడి చేసి పంపుతుంది.

ఇదంతా కారును రూపొందించినవారు లెక్కలోకి తీసుకున్నదే. మన దేశంలో అమ్మే కార్లను ఇంతటి ఎండకు సరిపడే మిగులు సామర్థ్యంతోనే తయారుచేస్తారు. కొత్త కారు ఖమ్మం ఎండలో ఏసీ వేసుకుని నిండా మనుషులతో వెళ్లినా టెంపరేచర్ ముల్లు కదలదు. ఆరేడేళ్ల తర్వాత అదే కారు, అదే రోడ్డు మీద, అదే ఎండలో ఆవిరి కక్కుతోందంటే ఆ మిగులు మధ్యలో ఎక్కడో కరిగిపోయిందన్న మాట. ఎండ మారలేదు. ఈ మిగులు ఎలా కరుగుతుందనేదే అసలు ప్రశ్న.

అంబాసిడర్ కాలం నుంచి వచ్చిన అలవాటు

1957 నుంచి 2014 వరకు తయారైన అంబాసిడర్ కారును నడిపినవారికి బానెట్ ఎత్తి రేడియేటర్‌లో నీళ్లు పోయడం రోజూ చేసే పనుల్లో ఒకటి. డిక్కీలో నీళ్ల డబ్బా లేకుండా ఘాట్ రోడ్డు ఎక్కేవారు అరుదు. ఆ కార్లలో చాలాకాలం వాడిన ఇంజన్‌కు బ్లాకూ (సిలిండర్లుండే దిమ్మ) హెడ్డూ రెండూ పోత ఇనుముతో చేసినవి; నీటి దారులు వెడల్పుగా ఉండేవి; రేడియేటర్ రాగి, ఇత్తడితో చేసింది కావడంతో కారితే టంకం పెట్టి మాటు వేసేవారు, పూడుకుపోతే పై తొట్టి విప్పి గొట్టాల్లోకి సన్నని ఇనుప చువ్వలు దూర్చి శుభ్రం చేసేవారు. బోరు నీళ్లు పోసినా ఇంజన్ ఏళ్ల తరబడి ఓర్చుకునేది. ఓర్చుకోలేనప్పుడు బాగుచేయడానికి ప్రతి పట్టణంలోనూ రేడియేటర్ షెడ్డు ఉండేది.

ఆ ఓర్పు నేటి ఇంజన్‌కు లేదు. 1983లో మారుతి 800 వచ్చిన తర్వాత అల్యూమినియం హెడ్, విద్యుత్ ఫ్యాన్ ఇంటింటి కారులోకి వచ్చాయి. ఇప్పుడు చాలా పెట్రోలు కార్లలో బ్లాకు కూడా అల్యూమినియమే. రేడియేటర్ గొట్టాలు సన్నని అల్యూమినియం పట్టీలు. రెండు వైపులా ఉండే తొట్టెలు నైలాన్ ప్లాస్టిక్‌వి. వాటికి టంకం పట్టదు, చువ్వ దూరదు. పగిలితే మార్చడం తప్ప దారి లేదు. వ్యవస్థ మారిన ఈ నలభై ఏళ్లలో నీళ్లు పోసే అలవాటు మాత్రం తండ్రి నుంచి కొడుకుకు, మేస్త్రీ నుంచి శిష్యుడికి చెక్కుచెదరకుండా అందుతూ వచ్చింది. ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. ఒకప్పుడు అది సరైన పనే.

బోరు నీటిలో ఉన్నది ఏమిటి?

తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. అంటే మనిషి నిశ్చింతగా తాగగల నీటిలో కూడా కాల్షియం, మెగ్నీషియం లవణాలు గణనీయంగా ఉండవచ్చు. తెలంగాణ, రాయలసీమ, ప్రకాశం జిల్లాల గ్రానైటు నేలల్లో లోతు బోర్ల నీరు ఎంత కఠినమో స్నానాల గదిలోని గీజరు కాయిల్ చూసినా, బక్కెట్టు అంచున కట్టే తెల్లని చార చూసినా తెలుస్తుంది.

చాలా లవణాలు నీరు వేడెక్కిన కొద్దీ ఎక్కువగా కరుగుతాయి. కాల్షియం కార్బొనేట్ తీరు దీనికి విరుద్ధం: వేడెక్కిన కొద్దీ నీటి నుంచి విడిపడి గట్టిగా పేరుకుంటుంది. అందుకే ఇంజన్‌లో ఆ గార ముందుగా కట్టేది అన్నిటికంటే వేడిగా ఉండే చోట, అంటే ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ, హెడ్ లోపలి ఇరుకు దారుల్లో. చల్లదనం అన్నిటికంటే ఎక్కువగా కావలసిన చోటు కూడా అదే. అల్యూమినియంతో పోలిస్తే ఈ సున్నపు పొర ఉష్ణవాహకత్వం సుమారు వందో వంతు. ఒక మిల్లీమీటరు మందం గార కడితే, వేడికి అది చేసే అడ్డు పది సెంటీమీటర్ల అల్యూమినియం గోడ చేసే అడ్డుతో సమానం. ఇక్కడ పాఠకులు గమనించవలసిన విషయం ఒకటి ఉంది: అప్పటికి రేడియేటర్‌లోని ద్రవం ఉష్ణోగ్రత మామూలుగానే ఉండవచ్చు, ముల్లు మధ్యలోనే నిలబడవచ్చు, కానీ గార వెనుక ఉన్న లోహం మాత్రం ఉండవలసిన దానికంటే ఎంతో వేడిగా ఉంటుంది.

సున్నంతో కథ ముగియదు. కుళాయి నీటిలోని క్లోరైడ్లు అల్యూమినియం మీద సహజంగా ఏర్పడే రక్షణ పొరను ఛేదించి సూది మొనంత గుంటలు తొలుస్తాయి. ఒకే ద్రవంలో అల్యూమినియం, ఉక్కు, పోత ఇనుము మునిగి ఉండడం వల్ల లవణాలున్న నీరు వాటి మధ్య చిన్న బ్యాటరీలా పనిచేసి, వాటిలో బలహీనమైన అల్యూమినియాన్ని తినేస్తుంది. ఇంటి ఆర్ఓ యంత్రం నీరు బోరు నీటికంటే మేలే గానీ, రుచి కోసం దానిలో కొంత లవణాలను ఉంచుతారు కాబట్టి అది డిస్టిల్డ్ నీటితో సమానం కాదు. బ్యాటరీల కోసం అమ్మే డిస్టిల్డ్ వాటర్ లేదా లవణాలు తీసేసిన డీమినరలైజ్డ్ వాటరే ఇక్కడ వాడదగినది. అది ఊరూరా పెట్రోలు బంకుల్లోనూ దొరుకుతుంది.

కొంచెం కొంచెంగా పోసినా ఎంత తేడా వస్తుందో ఒక లెక్కతో తేలుతుంది. వ్యవస్థలో నాలుగు లీటర్ల ద్రవం ఉందని, అందులో సగం, కూలెంట్‌లోని ముఖ్య పదార్థమైన గ్లైకాల్ అని అనుకుందాం. ఒక లీటరు కారిపోతే దాని చోట నీళ్లు పోశాక గ్లైకాల్ 50 శాతం నుంచి 37.5 శాతానికి దిగుతుంది. మళ్లీ ఒక లీటరు పోస్తే 28 శాతం, మూడోసారికి 21 శాతం. రంగు ఇంకా పచ్చగానో ఎర్రగానో కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి యజమాని కూలెంట్ ఉందనే అనుకుంటాడు. గ్లైకాల్‌తో పాటు కూలెంట్‌లో కలిపి ఉండే తుప్పు నిరోధకాలు కూడా అదే దామాషాలో పలచబడ్డాయన్న సంగతి కంటికి కనిపించదు.

కూలెంట్ చేసే పని, దాని రంగుల గందరగోళం

కూలెంట్‌కు యాంటీఫ్రీజ్ అన్న పేరు ఉండడం మన దగ్గర కొంత అపోహకు దారితీసింది. గడ్డకట్టే చలి లేని చోట అదెందుకన్నది తరచుగా వినిపించే ప్రశ్న. సగం నీరు, సగం ఇథిలీన్ గ్లైకాల్ ఉన్న మిశ్రమం మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. షికాగోలోనో మినియాపొలిస్‌లోనో ఉండే తెలుగువారికి ఆ గుణం ప్రాణావసరం. లంబసింగిలో సున్నా దగ్గరికి దిగే రాత్రులను మినహాయిస్తే తెలుగు నేల మీద దాని అవసరం లేదు. ఇక్కడ కూలెంట్ కొనేది మిగతా రెండు గుణాల కోసం: మరిగే ఉష్ణోగ్రతను పెంచడం, లోహాన్ని తుప్పు నుంచి కాపాడడం.

వేడిని మోసుకుపోవడంలో మాత్రం నీటిని మించింది లేదు. గ్లైకాల్ కలిపిన కొద్దీ ద్రవం వేడిని మోసే శక్తి తగ్గుతుంది. అందువల్ల నీటికంటే కూలెంట్ ఎక్కువ చల్లబరుస్తుందన్న ప్రచారం నిజం కాదు. కలపకుండా గాఢ కూలెంట్‌నే నింపడం కూడా తప్పే. ఇక్కడి వాతావరణానికి సగం సగం పాళ్లు చాలు. కంపెనీ పుస్తకం వేరే పాళ్లు చెబితే అదే పాటించాలి.

కూలెంట్‌లలో అసలు తేడా నిరోధకాల్లో ఉంటుంది. పాత తరహా పచ్చ కూలెంట్‌లలో సిలికేట్లు, ఫాస్ఫేట్లు వంటి అకర్బన లవణాలు లోహం మీద త్వరగా పొర కట్టి కాపాడతాయి, అంతే త్వరగా ఖర్చయిపోతాయి. అందుకే వాటిని సుమారు రెండేళ్లకోసారి మార్చమంటారు. సేంద్రియ ఆమ్లాలతో చేసేవి తుప్పు మొదలయ్యే చోట మాత్రమే పనిచేస్తూ నిదానంగా ఖర్చవుతాయి, ఐదేళ్ల వరకు పనికొస్తాయి. ఈ రెండింటినీ కలిపిన మిశ్రమ రకాల్లో దేశాలను బట్టి రెండు పాయలు ఏర్పడ్డాయి. యూరప్ కంపెనీలు అక్కడి కఠిన జలంలో ఫాస్ఫేట్ తెల్లని గుజ్జుగా పేరుకుంటుందని దాన్ని వదిలి సిలికేట్‌ను ఎంచుకున్నాయి. జపాన్, కొరియా కంపెనీలు సిలికేట్ వాటర్ పంప్ సీలును అరగదీస్తుందన్న కారణంతో ఫాస్ఫేట్‌ను ఎంచుకున్నాయి. మన రోడ్ల మీద తిరిగే కార్లలో అధిక భాగం జపాన్, కొరియా మూలాలున్న కంపెనీలవే. అంటే ఫాస్ఫేట్ ఉన్న కూలెంట్‌లో కఠినమైన బోరు నీళ్లు కలవడం అనే, యూరప్ వారు భయపడి తప్పించుకున్న పరిస్థితిని, నీళ్ల మగ్గుతో ఇక్కడ రోజూ సృష్టిస్తున్నాం. ఈ కలయిక గురించి ఇక్కడ జరగవలసినంత చర్చ జరగడం లేదు.

రంగు ఏ ప్రమాణానికీ గుర్తు కాదు. ఒక కంపెనీ గులాబీ రంగుకూ మరో కంపెనీ గులాబీ రంగుకూ రసాయనంలో పోలిక ఉండాలన్న నియమం లేదు. డబ్బా మీద చూడవలసింది కారు కంపెనీ చెప్పిన కూలెంట్ రకం, దానితో పాటు భారతీయ ప్రమాణం ఐఎస్ 5759, జపాన్ ప్రమాణం జేఐఎస్ కె 2234, అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం డి 3306 వంటి గుర్తులు. సరిపడని రెండు రకాలు కలిస్తే నిరోధకాల ఆయుష్షు తగ్గుతుంది. కొన్ని కలయికల్లో ద్రవం జిగురుగా మారి గొట్టాలను పూడుస్తుంది.

చిన్న మూత, పెద్ద పని

రేడియేటర్ మూతను చాలామంది సీసా మూతలాంటిదిగానే చూస్తారు. నిజానికి దానిలో రెండు కవాటాలు ఉంటాయి. మొదటిది సుమారు 0.9 నుంచి 1.1 బార్ వరకు (ఒక బార్ అంటే దాదాపు వాతావరణ పీడనమంత) ఒత్తిడిని లోపల పట్టి ఉంచుతుంది. ఒత్తిడి పెరిగితే మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది; వంటింటి కుక్కర్‌లో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. ఒక బార్ అదనపు ఒత్తిడి దగ్గర మామూలు నీరు సుమారు 120 డిగ్రీల దాకా, సగం గ్లైకాల్ ఉన్న ద్రవం 125 పైదాకా మరగదు. మూతలోని రబ్బరు గట్టిపడి ఒత్తిడి నిలవకపోతే ఈ రక్షణ ఒక్కసారిగా పోతుంది. అంతకుముందు 110 డిగ్రీల దగ్గర ప్రశాంతంగా ఉన్న ద్రవం అదే వేడికి మరగడం మొదలుపెడుతుంది. రెండో కవాటం ఇంజన్ చల్లారినప్పుడు, పొంగిన ద్రవం చేరే పక్క డబ్బాలోని ద్రవాన్ని తిరిగి లోపలికి రానిస్తుంది. ఉదయాన పై హోస్ పైపు నొక్కుకుపోయి చప్పిడిగా కనిపిస్తే ఈ రెండో కవాటం పనిచేయడం లేదని అనుమానించాలి. ముందుగా ఖరీదైన భాగాలను విప్పేకంటే, కొన్ని వందల రూపాయలకు మించని ఈ మూతను మార్చి చూడడం వివేకం.

వేడి మీద మూత తీస్తే కాలేది కూడా ఈ ఒత్తిడి వల్లే. లోపల 110 డిగ్రీల దగ్గర ద్రవంగానే ఉన్నది, ఒత్తిడి తొలగిన క్షణంలో ఆవిరిగా మారి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. గుడ్డ అడ్డుపెట్టి తిప్పడం దీనికి రక్షణ కాదు. పై హోస్ పైపును చేత్తో పట్టుకోగలిగినంత చల్లారేవరకు, అంటే కనీసం అరగంట, ఎండ రోజుల్లో ఇంకా ఎక్కువసేపు, మూత జోలికి పోకూడదు.

థర్మోస్టాట్ తీసేస్తే చల్లబడుతుందా?

ఎండ ఎక్కువగా ఉండే జిల్లాల్లో కొన్ని షెడ్లలో మొదటి వైద్యం థర్మోస్టాట్ వాల్వ్ తీసి పారేయడం. అడ్డు తొలగితే ద్రవం ఎక్కువగా పారుతుంది, ఇంజన్ చల్లగా ఉంటుందన్నది దాని వెనుక తర్కం. మూసుకున్న స్థితిలో ఇరుక్కుపోయిన వాల్వ్‌ను తీసినప్పుడు వెంటనే ఉపశమనం కనిపిస్తుంది కాబట్టి ఆ నమ్మకం బలపడింది.

దాని తర్వాత జరిగేది రెండు రకాలు. చల్లని ఉదయాల్లో, హైవే మీద ఇంజన్ తన పని ఉష్ణోగ్రతకు చేరుకోదు. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందని భావించిన కంప్యూటర్ ఇంధనాన్ని ఎక్కువగా చిమ్ముతుంది. మైలేజీ పడిపోతుంది, మండని ఇంధనం ఆయిల్‌లోకి దిగి దాన్ని పలచన చేస్తుంది, సిలిండర్ల అరుగుదల పెరుగుతుంది. రెండో రకం ఇంకా విచిత్రంగా ఉంటుంది. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు దాని వెనుక ఉన్న మరో పళ్లెం, రేడియేటర్‌కు వెళ్లకుండా ఇంజన్‌లోనే తిరిగే అడ్డదారిని మూసివేస్తుంది. వాల్వ్ మొత్తం తీసేస్తే ఆ అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడి ద్రవంలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే మళ్లీ ఇంజన్‌లోకి పోతుంది. చల్లదనం కోసం తీసిన భాగం, ఘాట్ రోడ్డు మీద ఇంజన్‌ను మరింత వేడెక్కిస్తుంది. ద్రవం మరీ వేగంగా పారితే వేడిని పట్టుకునే సమయం ఉండదని చెప్పే వివరణ మాత్రం సరైంది కాదు. అసలు కారణం ఈ అడ్డదారే.

థర్మోస్టాట్ బాగుందో లేదో తెలుసుకోవడం సులభం. దాన్ని గిన్నెలోని నీటిలో దారంతో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి వేడి చేయాలి. దాని మీద ముద్రించిన ఉష్ణోగ్రతకు అటూ ఇటూగా తెరుచుకోవడం మొదలై, మరో పది పదిహేను డిగ్రీల్లో పూర్తిగా తెరుచుకుంటే అది మంచిదే.

ముల్లు ఎప్పుడు లేస్తోంది?

ఇంజన్ వేడెక్కుతోందన్న ఒక్క ముక్కతో ఏ భాగం పాడైందో చెప్పలేం. ఏ పరిస్థితిలో వేడెక్కుతోందన్నది సగం సమాధానం ఇస్తుంది.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ముల్లు లేచి, కదిలిన కొద్దిసేపటికి దిగిపోతే అనుమానించవలసింది ఫ్యాన్‌ను, దాని ఫ్యూజును, రిలేను. చాలా కార్లలో అదే ఫ్యాన్ ఏసీ కండెన్సర్‌కు కూడా గాలిని లాగుతుంది కాబట్టి, ఆగినప్పుడల్లా ఏసీ చల్లదనం తగ్గడం దీనికి ముందస్తు సూచన. ఈ రకం లోపానికి ఎండతో సంబంధం తక్కువ. సంక్రాంతి ముందు హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దారిలో పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరినప్పుడు, జనవరి చలిలో కూడా ఫ్యాన్ తిరగని కారు వేడెక్కుతుంది.

దీనికి విరుద్ధంగా, ఊళ్లో బాగానే ఉండి హైవే వేగంలోనో, తిరుమల, శ్రీశైలం ఘాట్లు ఎక్కేటప్పుడో ముల్లు లేస్తే చాలాసార్లు గాలి సరిపోవడం లేదని కాదు, ద్రవం సరిపోవడం లేదని అర్థం. కూలెంట్ మట్టం తగ్గడం, రేడియేటర్ గొట్టాలు పూడుకోవడం, థర్మోస్టాట్ సగమే తెరుచుకోవడం, వాటర్ పంప్ రెక్కలు అరిగిపోవడం ఈ కోవలోకి వస్తాయి. రేకుల మధ్య దుమ్ము, పురుగులు, కోతల కాలంలో గాలిలో ఎగిరే ఊక ఇరుక్కున్నా ఇదే లక్షణం కనిపిస్తుంది. వాటిని కడగడానికి సర్వీసింగ్ సెంటర్ ప్రెషర్ గన్ వాడితే పలచని రేకులు వంగిపోయి గాలి దారి ఇంకా మూసుకుంటుంది. మామూలు పైపు నీటితో, వీలైతే ఇంజన్ వైపు నుంచి బయటికి కడగాలి.

కారు తీసిన ఐదు నిమిషాలకే ముల్లు లేస్తే థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండవచ్చు. అదే ఐదు నిమిషాల్లో పై హోస్ పైపు రాయిలా గట్టిపడి, పక్క డబ్బాలో బుడగలు వస్తే, సిలిండర్ వాయువు నీటి దారిలోకి చొరబడుతోందని, హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ దెబ్బతిందని అనుమానించాలి. దాన్ని నిర్ధారించడానికి నీలి ద్రవం ఉన్న చిన్న గాజు గొట్టాన్ని రేడియేటర్ నోటి దగ్గర పెట్టి ఆవిరిని లాగుతారు. మండిన వాయువు ఉంటే ద్రవం పసుపు రంగుకు మారుతుంది. ఈ పరీక్ష చేయకుండా హెడ్ దింపడానికి ఒప్పుకోకూడదు. బయట ఎక్కడా కారడం లేకపోయినా కూలెంట్ తగ్గుతుండే డీజిల్ కార్లలో పొగను చల్లబరిచే ఈజీఆర్ కూలర్ పగిలి ఉండే అవకాశం ఉంది. తెల్లని పొగ చూసి దాన్ని గాస్కెట్ సమస్యగా పొరబడడం జరుగుతుంది. సీఎన్‌జీ కార్లలో గ్యాస్ ఒత్తిడిని తగ్గించే రెడ్యూసర్‌ను వెచ్చబరచడానికి వెళ్లే సన్నని కూలెంట్ పైపులను, క్యాబిన్‌లో తీపి వాసన వస్తే డాష్‌బోర్డు వెనుక ఉన్న హీటర్‌ను చూడాలి. మిగతా కారుడు ఎక్కడుందో ప్రెషర్ టెస్టర్ పంపుతో మూత మీద రాసిన ఒత్తిడి వరకు గాలి కొట్టి పది పదిహేను నిమిషాలు ఉంచితే తేలుతుంది.

ముల్లును అతిగా నమ్మడం కూడా ప్రమాదమే. చాలా కార్లలో ద్రవం 80 నుంచి 105 డిగ్రీల మధ్య ఎక్కడున్నా ముల్లు మధ్యలోనే ఉండేలా అమరుస్తారు. కొన్ని చిన్న కార్లలో ముల్లే ఉండదు, ఎర్ర దీపం మాత్రమే ఉంటుంది. కూలెంట్ పూర్తిగా కారిపోతే సెన్సర్ గాలిలో ఉండి తక్కువ వేడిని చూపించే అవకాశం కూడా ఉంది.

హెడ్ ఎందుకు వంగుతుంది?

వేడికి అల్యూమినియం పోత ఇనుముకంటే సుమారు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఇనుప బ్లాకు మీద బోల్టులతో బిగించిన అల్యూమినియం హెడ్ హద్దు మీరి వేడెక్కితే, సాగడానికి చోటు లేక మధ్యలో ఉబ్బుతుంది. చల్లారాక పూర్తిగా వెనక్కి రాదు. చాలా ఇంజన్లకు కంపెనీలు అనుమతించే వంపు ఒక మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు, అంటే 0.05 మిల్లీమీటరు దగ్గర ఉంటుంది. అంతకు మించితే కొత్త గాస్కెట్ వేసినా నిలవదు. లేత్ షెడ్డులో హెడ్‌కు ఫేసింగ్ చేయించి సమతలం చేయాలి, లేదా హెడ్ మార్చాలి. వందల్లో తీరే ఖర్చు అనేక వేలకు చేరేది ఇక్కడే. సాధారణ మోటారు బీమా యాంత్రిక వైఫల్యాన్ని కవర్ చేయదు కాబట్టి ఆ భారం యజమానిదే.

అందువల్ల ముల్లు ఎర్రగీత దాటినా, ఎర్ర దీపం వెలిగినా ఊరు దగ్గరే కదా అని నడపకూడదు. ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తి వేడిలో, పూర్తి వేగంలో పెడితే అది చిన్న రేడియేటర్‌లా పనిచేసి కొంత వేడిని లాగుతుంది. మే నెలలో కూర్చున్నవారికి అది నరకమే అయినా, సురక్షితమైన చోట కారు ఆపే వరకు ఇంజన్‌ను అది కాపాడగలదు. ఆవిరి వస్తుంటే ఇంజన్ వెంటనే ఆపేయాలి. కాలుతున్న ఇంజన్ మీద చల్లని నీళ్లు కుమ్మరిస్తే లోహం పగిలే ప్రమాదం ఉంది. పూర్తిగా చల్లారాక, వేరే దారి లేనప్పుడు, సీసా నీళ్లు పోసుకుని షెడ్డు దాకా వెళ్లడం తప్పు కాదు; ఆ నీళ్లను ఆ తర్వాత తీయించకుండా వదిలేయడమే తప్పు. కారుడు ఆగడానికి పసుపు పొడి, సీలెంట్ వంటివి పోయడం కూడా ఇలాంటిదే. కన్నాన్ని మూసే ఆ పొడి సన్నని గొట్టాలనూ హీటర్‌నూ వదిలిపెట్టదు.

కూలెంట్ మార్చేటప్పుడు పాటించవలసిన క్రమం

చల్లని ఇంజన్ మీద రేడియేటర్ కింది బిరడా తీసి పాత ద్రవాన్ని వదలాలి. అలా చేసినా బ్లాకులో కొంత ద్రవం మిగిలిపోతుంది. డిస్టిల్డ్ నీరు నింపి, హీటర్ తెరిచి, థర్మోస్టాట్ తెరుచుకునే వరకు ఇంజన్ నడిపి, చల్లార్చి మళ్లీ వదలడం, నీరు తేటగా వచ్చే వరకు కొనసాగాలి. ఆ తర్వాత చాలా చోట్ల జరిగే పొరపాటు, సగం సగం కలిపి అమ్మే కూలెంట్‌ను నేరుగా పోయడం. బ్లాకులో ఇంకా లీటరున్నర నీరు ఉంటే ఆ మిశ్రమం మరింత పలచబడుతుంది. నాలుగు లీటర్ల వ్యవస్థలో ముందుగా రెండు లీటర్ల గాఢ కూలెంట్ పోసి, మిగిలిన చోటును డిస్టిల్డ్ నీటితో నింపితేనే పాళ్లు సరిపోతాయి.

నింపేటప్పుడు లోపల చిక్కుకున్న గాలి బయటికి రాకపోతే, హెడ్‌లో ఆ బుడగ ఉన్న చోట ద్రవం తగలదు. కొత్త కూలెంట్ వేయించిన మర్నాడే కారు వేడెక్కడానికి తరచుగా ఇదే కారణం. గాలి వదిలే మర ఉన్న కార్లలో దాన్ని తెరిచి, లేనివాటిలో ముందు చక్రాలను ఎత్తులో ఉంచి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేవరకు నడిపి, చల్లారాక మట్టం మళ్లీ చూడాలి. వాటర్ పంప్ టైమింగ్ బెల్టుతో తిరిగే ఇంజన్లలో బెల్టు మార్చినప్పుడే పంపు కూడా మార్చడం ఆదా. రెండింటికీ విప్పే శ్రమ ఒకటే. తర్వాతి రోజుల్లో గాఢతను రిఫ్రాక్టోమీటర్‌తో చూడవచ్చు, కానీ అది గ్లైకాల్‌ను మాత్రమే కొలుస్తుంది. నిరోధకాలు మిగిలాయో లేదో చెప్పదు కాబట్టి గాఢత బాగున్నా గడువు దాటిన కూలెంట్‌ను మార్చాల్సిందే.

తీసిన పాత కూలెంట్‌ను షెడ్డు ముందు కాలువలోనో, ఇంటి ఆవరణలోనో పారబోయకూడదు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, మూత్రపిండాలను దెబ్బతీసే విషం కూడా. నేల మీద గుంటలో నిలిచిన కొద్దిపాటి ద్రవాన్ని నాకిన కుక్క చనిపోవచ్చు. కూల్‌డ్రింక్ సీసాలో దాచిపెట్టిన రంగు రంగుల కూలెంట్‌ను పిల్లలు షర్బత్ అనుకోవచ్చు. మిగిలినదాన్ని అసలు డబ్బాలోనే, మూత బిగించి, అందని ఎత్తున ఉంచాలి. ఎవరైనా పొరపాటున తాగితే లక్షణాలు కనిపించే వరకు వేచి ఉండకుండా, ఆ డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.